పవిత్ర మీద మనం చేసిన తీర్మానం

ఈ చెరువు కట్ట మీదికి వచ్చిన పెద్దలారా, అమ్మలారా, బర్గూరు నుంచి వచ్చి ముందు వరుసలో కూర్చున్న పవిత్ర తల్లి అక్కమ్మ గారూ, సంతాపం చెప్పే ముందు జరిగినది జరిగినట్టు చెప్పాలి. వరుస తప్పకుండా రాసుకొచ్చాను.

1. ఈ నెల ఆరో తేదీ ఉదయం ఆరూ పదికి పవిత్ర హోసూరు బస్సు దిగి, నీటి నమూనాల కోసం సీసాల సంచి తీసుకుని ఇక్కడికి వచ్చింది.

2. చెరువులోకి పోవడానికి ఉన్నది జాలరి ఏళుమలై పుట్టి పడవ ఒక్కటే. దానికి తాళం వేసి ఉంది.

3. ఆమె కట్ట దిగి, ఫ్యాక్టరీ నీళ్ళు వచ్చి పడే తూము దగ్గరికి నడిచింది. అక్కడ బురద నిలువు లోతు. అది మనకు తెలుసు. ఆమెకు తెలియదు.

4. ఏడూ ఇరవైకి, ఆవును తోలుకొచ్చిన చౌడమ్మ నీళ్ళ మీద పవిత్ర సంచి చూసి కేక వేసింది.

5. ఆ తాళం వేయమన్నది మన ఊరి తీర్మానం. ఆ తీర్మానం రాసిన చేయి నాది.

మన చెరువును కడగడానికి పవిత్ర, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు ఉండే యంత్రాలు తయారుచేసింది. ఎండ తగిలితే చాలు, అవి వాటంతట అవే నీళ్ళలో పరుగెత్తుతూ, తగిలిన రంగునూ విషాన్నీ విరగ్గొడతాయి. పని ముగిశాక అయస్కాంతంతో వెనక్కి లాగవచ్చు. ఆ అయస్కాంతానికి తీగ చుట్టించుకోవడానికే ఆమె నా మోటారు రివైండింగ్ షాపుకు వచ్చింది. నేను ఎనిమిదో తరగతితో బడి మాని, పుస్తకాలు చూసి పని నేర్చుకున్నవాణ్ణి. నాలుగు వందల చుట్లు చుట్టి ఇచ్చాను. మరునాడు మీటరుతో కొలిచి తిరిగి వచ్చింది. "అన్నా, పది చుట్లు తగ్గినట్టుండాయి" అన్నది. రోషంతో విప్పి లెక్కపెట్టాను. పదకొండు. "చూసినారా, నేనూ ఒకటి తప్పినాను" అని నవ్వింది.

చెరువు మూల ప్లాస్టిక్ షీటుతో గదంత చోటు కట్టి, ఆ యంత్రాలు వదిలిన రోజు గుర్తుందా? చౌడమ్మ మైక్రోస్కోపులో చూసి, "మా ఇంటాయప్ప కన్నా ఇవే మేలు, చెప్పకుండానే పని చేస్తుండాయి" అంటే కట్టంతా నవ్వింది. ఆ నవ్వుల్లో పవిత్ర మాట ఎవరికి వినబడింది? "అవ్వా, ఇవి కడిగేవే. పోసేవాళ్ళను ఆపేవి కావు. తూము మూయకుంటే ఎన్ని ఏసినా చాలవు" అన్నది.

ఫ్యాక్టరీ మేనేజరుకు మాత్రం సగం వినబడింది. "ఇంక మీ చెరువును మిషన్లే కడుగుతాయి గదప్పా, మీకేం దిగులు" అన్నాడు. ఆ వారం నుంచే తూములో నీళ్ళు రెట్టింపయ్యాయి. నెల తిరగకుండా చేపలు చచ్చి తేలాయి. ఎక్కడ మొదలయ్యాయి? తూము దగ్గర. మనం ఎవరిని పట్టుకున్నాం? పవిత్రను. ఫ్యాక్టరీ మన నలభై ఇళ్ళకు జీతం ఇస్తుంది. పవిత్ర ఏమిస్తుంది?

షీటు లోపల తాను వదిలిన చేపపిల్లలు బతికే ఉన్నాయి, వచ్చి చూడండని ఆమె ఇంటింటికీ తిరిగింది. "దినామూ కొత్త పిల్లల్ని తెచ్చి ఏస్తాదిలే" అన్నాం. ఆ మాట మొదట అన్నదెవరో నేను చెప్పను. ఆయన ఇక్కడే ఉన్నాడు.

అప్పుడు నేను ఏడు అంశాల తీర్మానం రాశాను. అందులో అక్షరదోషం ఒక్కటీ లేదు. కొలత కూడా ఒక్కటీ లేదు. పదకొండు చుట్ల తేడా పట్టుకున్న మనిషి అబద్ధమాడిందని రాశాను. ఆరో అంశం: ఏళుమలై ఆమెను పుట్టి ఎక్కించరాదు. "ఆ బిడ్డ యాడికి పోతాదప్పా, ఈత గూడా రాదే" అని ఏళుమలై అడిగాడు. "ఇది ఊరి మాట" అన్నాను.

ఆమె పోయి నేటికి పదమూడు రోజులు. నిన్న తాళం తీయించి, ఏళుమలైతో పోయి ఆ షీటు మీదుగా తొంగిచూశాను. చేపపిల్లలు వేలెడేసి పెరిగాయి. అయ్యలారా, ఈ పదమూడు రోజులూ వాటిని ఎవరు తెచ్చి వేశారు?

అక్కమ్మ గారూ, మిమ్మల్ని క్షమాపణ అడగను. అడిగితే, ఇవ్వాలా వద్దా అన్న భారం కూడా మీ మీదే పడుతుంది. కృష్ణగిరి కలెక్టరు ఆఫీసుకు మేము పంపిన తీర్మానం ఇంకా అక్కడి ఫైలులో ఉంది. అది ఉన్నంతకాలం చేపలను చంపింది మీ బిడ్డే. ఫ్యాక్టరీని ఎవరూ ఏమీ అడగరు. దాన్ని రద్దు చేస్తూ ఇంకొక కాగితం రాశాను. చేపలను చంపింది తూము నీళ్ళు, పవిత్ర చెప్పింది నిజం, పుట్టికి తాళం వేయించింది మేము. అంతే. సాయంత్రం బస్సుకు నేనే తీసుకుపోతాను. ఫ్యాక్టరీలో బిడ్డలున్నవారికి ఇది కష్టమని తెలుసు. నా తమ్ముడి పని కూడా అక్కడే.

ఇప్పుడు రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. ఆమె మన గడప ముందు నిలబడి పిలిచినప్పుడు మౌనంగా ఉండడం మనకు బాగానే చేతనయింది. అందుకే ఒక మనవి. ఈ కాగితం మీద సంతకం చేయగలిగినవారు మాత్రం లేవండి. చేయలేనివారు మౌనానికి కూడా లేవవద్దు, కూర్చునే ఉండండి. అక్కమ్మ గారు చూస్తారు.

సమయం ఉదయం పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు. మొదటి సంతకం చేశాను.

గుండ్లపల్లి తిమ్మరాయప్ప పరశురామ్