దొరికిన కప్పు

మడతపెడుతున్న బట్టలు ఒళ్లో ఉంచుకునే, ఆమె రేడియోలో విన్న వార్త భర్తకు చెప్పింది. ఆయన ఒకప్పుడు గోల్‌కీపర్.

“దొంగలెత్తుకెళ్లిన ఆ ఫుట్‌బాల్ కప్పు దొరికిందట. పార్కులో పొదల కింద, పాత దుప్పట్లో చుట్టి ఉందట.”

“సొట్టలేమైనా పడ్డాయా?”

“పడలేదట. మీరేంటి, అలా అయిపోయారు?”

“అది పోయినప్పట్నుంచీ మేం ఓడిన ఆ ఫైనల్ ఇంకా అవ్వనట్టే ఉంది. నేను వదిలేసిన ఆఖరి బంతి రోజూ కల్లోకొస్తోంది, దూదిపింజలా, మెల్లగా. పట్టేసుకుంటున్నాను.”

“తెలుసు. తెల్లారేసరికి నా దిండు మీ గుండెల మీదే ఉంటోంది.”

“ఇక కప్పు మళ్లీ ఆ గెలిచినవాళ్ల అద్దాల బీరువాలోకి పోతుంది. ఈ రాత్రి బంతి జారిపోతుందేమో.”

“ఆ వార్త నేనింకా చెప్పలేదనుకోండి, రేపు చెప్తాను లెండి. ఇవాళ్టికి నా దిండు మీరే పట్టుకోండి.”