బల్ల కింద పడ్డ పందెం

కోర్టు వెనక వరండాలో, విడిపోయిన వాళ్ళు పిల్లల్ని కలుసుకునే గది అది. ఒక పొట్టి బల్ల, దాని మీద పాము నిచ్చెనల బోర్డు. టైలరు మాస్టరు గంట ముందే వచ్చి కూర్చున్నాడు, పెళ్ళికొడుక్కి కూడా అంత తొందర ఉండదు. పక్కన ఫైలు ఒళ్ళో పెట్టుకుని కౌన్సిలర్ మేడమ్.

“ఆ కుర్చీ కాదు మాస్టారూ. పొట్టిది. పిల్లల కుర్చీ.”

“దీన్లో నేను పడతానా మేడమ్? విరిగిందంటే అదీ నా మీదకే వస్తుంది.”

“విరగదు. మీ కళ్ళూ పిల్ల కళ్ళూ ఒకే ఎత్తులో ఉండాలి. పైనుంచి చూస్తే పోలీసు చూసినట్టుంటుంది.”

“సరే, కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.”

“తగలనివ్వండి. ఇప్పుడు చెప్పండి, ఎలా ఆడతారు?”

“ఎలా ఆడడమేంటి? డైస్ వేస్తాం. ఎన్ని పడితే అన్ని గళ్ళు జరుపుతాం. నిచ్చెన వస్తే ఎక్కుతాం, పాము వస్తే దిగుతాం. వందకి ఎవరు ముందు చేరితే వాళ్ళు గెలిచినట్టు.”

“అదంతా అట్ట వెనక రాసుంది. నేనడిగింది ఎనిమిదేళ్ళ పిల్లతో ఎలా ఆడతారని.”

“పిల్లతో... మామూలుగానే.”

“మామూలుగా ఆడే మనిషి ఈ గదిదాకా ఎందుకొచ్చాడు?”

“మీరే చెప్పండి మేడమ్. మీరెలా చెప్తే అలా ఆడతాను. కావాలంటే కాగితం మీద రాసుకుంటాను.”

“రాయక్కర్లేదు. ఒకటి, డైస్ పిల్ల చేతిలోంచి లాక్కోకండి. రెండు, తను లెక్క తప్పితే దిద్దకండి.”

“తప్పు లెక్క పెడుతుంటే చూస్తూ ఊరుకోవాలా? పావంగుళం తేడా వస్తే చొక్కా మొత్తం విప్పి కుట్టే మనిషిని నేను.”

“ఇది చొక్కా కాదు.”

“కాదు. కాదు. ఊరుకుంటాను.”

“మూడు, ఓడిపోతే నవ్వాలి.”

“ఓడిపోవాలనే వచ్చాను మేడమ్. ఇవాళ నేను గెలవకూడదు. గెలిచానంటే అయిపోయింది. ఒక గడి తక్కువ జరిపో, పాము నోట్లోకి కావాలని వెళ్ళో, ఏదో ఒకటి చేసి...”

“వద్దు. పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది.”

“తెలీకుండా చేస్తాను.”

“సరే, ఓడిపోయారనుకోండి. ఏమంటారు?”

“ఏమంటాను, ఓడిపోయాను అంటాను.”

“అనండి.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

“ఓడిపోయాను.”

“జడ్జిగారి ముందు నేరం ఒప్పుకున్నట్టుంది. మళ్ళీ.”

“ఓడిపోయాను.”

“పళ్ళు కొరక్కుండా.”

“నా ముఖమే అంత మేడమ్. పుట్టినప్పటినుంచీ అంతే.”

“ముందు అయ్యో అనండి. కాస్త ముఖం వేలాడేసుకోండి. ఆ తర్వాత నవ్వండి. ఉత్తినే నవ్వితే నటిస్తున్నారని తెలిసిపోతుంది.”

“అయ్యో. ఓడిపోయాను. హహ.”

“ఆ హహ తీసేయండి.”

“తీసేశాను. ఎన్నిసార్లు అనమన్నా అంటాను. మేడమ్, ఇవాళ కూడా పిల్ల లోపలికి రాకపోతే?”

“ముందే చెప్పాను మీకు. పోయిన రెండుసార్లూ గుమ్మం దగ్గరే నిలబడి వెళ్ళిపోయింది. మూడోసారీ అంతే అయితే, ఈ కలవడాలు ఆపేయమని రాయక తప్పదు.”

“ఆపేస్తే ఎన్నాళ్ళు?”

“పెద్దదై తనంతట తను వస్తానన్న దాకా.”

“పదేళ్ళు. పదేళ్ళయ్యాక రోడ్డు మీద ఎదురుపడితే ఎవరో అనుకుని పక్కకి తప్పుకుంటుంది.”

“ఆ సంచీలో ఏంటి?”

“గౌన్లు. మూడు కుట్టాను. పదకొండు నెలలైంది మేడమ్ దగ్గర్నుంచి చూసి. ఎంత పెరిగిందో నాకేం తెలుసు? చిన్నదీ, మధ్యదీ, పెద్దదీ కుట్టాను. ఏదో ఒకటి సరిపోకపోతుందా అని.”

“ఆట అయ్యాక ఇవ్వండి. ముందే ఇస్తే లంచంలా ఉంటుంది.”

“మీ ఇష్టం.”

“మాస్టారూ, పిల్ల వచ్చేలోపు ఆ రోజు సంగతి ఒక్కసారి చెప్పండి.”

“ఏ రోజు?”

“మీకు తెలుసు.”

“ఫైల్లో ఉందిగా.”

“ఫైల్లో మీ ఆవిడ చెప్పింది ఉంది.”

“బోర్డు కింద పడింది.”

“పడిందా?”

“చెయ్యి తగిలింది. బల్ల మీద గాజు గ్లాసు కూడా ఉంది. అది కూడా...”

“గ్లాసు వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. చెయ్యి తగిలితే అంత దూరం వెళ్తుందా? మీ ఆవిడ నుదుటి మీద ఆరు కుట్లు పడ్డాయి.”

“ఆవిడ మీదకి విసరలేదు మేడమ్. గోడ మీదకి విసిరాను. ఆవిడ అడ్డం వచ్చింది.”

“ఎందుకు విసిరారు?”

“షాపులో చిరాకు. ఆ రోజు ఒక కోటు గుడ్డ తప్పు కత్తిరించాను.”

“షాపులో సంగతి కాదు. ఆటలో ఏమైంది?”

“ఏం కాలేదు.”

“ఏం కాకుండానే?”

“పిల్ల గెలిచింది. అంతే. గెలిచి, కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టింది. నాకేమైందో నాకే తెలీదు. అప్పటిదాకా ఆ ఇంట్లో నేనెప్పుడూ ఓడిపోలేదు మేడమ్.”

“ఎప్పుడూనా?”

“ఎప్పుడూ. షాపు నుంచి రాగానే రోజూ ఒక ఆట వేసేవాళ్ళం ముగ్గురం. రోజూ నేనే. నా చేతి వాటం అలాంటిది, డైస్ నా మాట వినేది. ఆ ఒక్కరోజే...”

“అడుగుల చప్పుడు. వస్తున్నట్టున్నారు. మెడలో టేపు తీసి జేబులో పెట్టుకోండి.”

“మర్చేపోయాను. మేడమ్, నా ముఖం ఎలా ఉంది?”

“భయపడుతున్నట్టుంది. ఫర్వాలేదు, అలాగే ఉంచండి.”

తల్లి బయట బెంచీ మీదే ఆగిపోయింది. పిల్ల గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, ఈసారి అడుగు లోపల పెట్టింది.

“రామ్మా, ఇలా కూర్చో. నాన్న నీకోసం బోర్డు పరిచి ఉంచాడు.”

“ఆంటీ, ఎర్ర కాయ నాన్నకివ్వండి. నాన్న ఎప్పుడూ ఎర్రదే తీసుకుంటాడు.”

“వద్దు తల్లీ, ఎర్రది నువ్వు తీసుకో. నీకు ఎర్రదంటే ఇష్టంగా?”

“నాకు నీలం ఇష్టం నాన్నా.”

“ఎప్పటినుంచి?”

“ఎప్పటినుంచో.”

“సరే. ముందు నువ్వు వెయ్యి.”

“నువ్వే వెయ్యి నాన్నా. పెద్దవాళ్ళు ముందు.”

“ఇక్కడ చిన్నవాళ్ళే ముందు.”

“ఆంటీ చెప్పారా?”

“నేనే చెప్తున్నా.”

“అయితే సరే. మూడు. ఒకటి, రెండు, మూడు. నీ వంతు.”

“ఐదు. పొడుగయ్యావు తల్లీ.”

“రెండంగుళాలు. అమ్మ గోడ మీద గీత గీసింది.”

“గోడ మీదెక్కడ? తలుపు పక్కన ఉన్న పాత గీతల పైనా?”

“ఆ గోడ కాదు నాన్నా. అమ్మమ్మ వాళ్ళ గోడ.”

“ఓహో. రెండంగుళాలు. అయితే మధ్యది సరిపోతుంది.”

“ఏంటి నాన్నా?”

“ఏం లేదు. వెయ్యి.”

“నాన్నా, నా సైకిలు ఇంకా మెట్ల కిందే ఉందా?”

“ఉంది. వారం వారం గాలి కొడుతున్నా.”

“ఎవరూ తొక్కకపోయినా?”

“ఎవరూ తొక్కకపోయినా. వెయ్యి తల్లీ, నీ వంతు. ఎనభై మూడు మీదున్నావు. నన్ను అందుకుంటున్నావు చూడు.”

“నాలుగు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయ్యో, పాము.”

“మూడు పడ్డట్టుంది కదా...”

“నాలుగు నాన్నా. నేను సరిగ్గా చూశాను. ఇరవై నాలుగులోకి దిగిపోయాను.”

“అవునా. అవునవును. నాలుగే.”

“బాగుంది మాస్టారూ. అలాగే ఊరుకోండి.”

“ఊరుకుంటున్నాను మేడమ్. ఇదిగో, నేను తొంభై నాలుగు మీదున్నాను. వేశాను. ఒకటి, రెండు, మూడు. అరెరె, నన్నూ మింగేసింది పాము.”

“నాలుగు పడింది నాన్నా.”

“మూడేగా?”

“నాలుగు. చూడు, నాలుగు చుక్కలు. పాముని దాటేశావు. తొంభై ఎనిమిది. నేను జరుపుతాను ఉండు.”

“పెద్దవాణ్ణి కదమ్మా, కళ్ళు సరిగ్గా కనిపించట్లేదు.”

“నువ్వు సూదిలో దారం నీ అంతట నువ్వే ఎక్కిస్తావుగా?”

“ఎక్కిస్తాను. అది వేరు.”

“ఇంక నీకు రెండు పడితే చాలు నాన్నా. నాకు ఒకటి పడింది. ఇరవై ఐదు. నీ వంతు.”

“ఆరు. నాది జరగదు. వెయ్యి, వెయ్యి, గబగబా వెయ్యి. ముప్ఫై మూడులో పెద్ద నిచ్చెనుంది నీకు.”

“మళ్ళీ ఒకటి. నీ వంతు.”

“ఇదిగో. అరె, కింద పడిపోయింది.”

“నువ్వు లేవకు నాన్నా. నేను తీస్తాను. బల్ల కింద ఉంది.”

“కింద పడితే చెల్లదు తల్లీ. మళ్ళీ వేస్తాను.”

“చెల్లుతుంది. మనింట్లో చెల్లుతుందిగా? నువ్వే పెట్టావు ఆ రూలు. ఆ, దొరికింది. రెండు. రెండు పడింది నాన్నా.”

“రెండా?”

“తొంభై తొమ్మిది, వంద. ఆంటీ, నాన్న గెలిచాడు. అయ్యో. నేను ఓడిపోయాను. భలే ఆడావు నాన్నా.”

“చూశారా మాస్టారూ, ఎంత బాగా నవ్విందో. మిమ్మల్ని నేనెంతసేపు అడుక్కున్నాను ఆ నవ్వు కోసం? నేర్చుకోండి పిల్లని చూసి.”

“గెలిచాను మేడమ్.”

“గెలిచానని బాధపడకండి. డైస్ మన చేతిలో ఉంటుందా? పిల్ల లోపలికొచ్చింది, ఆట పూర్తిచేసింది, నవ్వింది. వారం వారం కలవొచ్చని రాసేస్తున్నాను. ఆ గౌన్లు తీయండి మరి.”

“అది ఐదు మేడమ్.”

“ఏది?”

“బల్ల కింద పడ్డది. పొట్టి కుర్చీలో కూర్చోబెట్టారుగా, నాకు కిందంతా కనిపిస్తోంది. ఐదు పడింది. పిల్ల వేలితో తిప్పింది.”

“లేదు నాన్నా. రెండే పడింది.”

“నాకు కోపం లేదు తల్లీ. నిజం చెప్పు.”

“రెండే. ఒట్టు. రెండే నాన్నా.”

“కోపం లేదని చెప్తున్నానుగా.”

“ముందు అలాగే అంటావు.”

“మాస్టారూ, కాస్త మంచినీళ్ళు తాగండి.”

“ఇంకో ఆట ఆడదాం తల్లీ. ఒక్క ఆట. ఈసారి నువ్వు గెలవాలి. నాన్న ఏమంటాడో తెలుసా? అయ్యో, ఓడిపోయాను అంటాడు. నేర్చుకున్నాను. ఆంటీనడుగు, ఎన్నిసార్లు అన్నానో.”

“వద్దు నాన్నా.”

“ఒక్కసారి నన్ను ఓడించు తల్లీ. ఇదిగో ఎర్ర కాయ. నీకు ఎర్రదే ఇష్టం, నాకు తెలుసు. తీసుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి గెలవమ్మా.”

“వద్దు. నాకు గెలవడం ఇష్టం లేదు.”

“మాస్టారూ, చెయ్యి వదలండి.”

“పట్టుకోలేదు మేడమ్. పట్టుకున్నానా? నొప్పి పుట్టిందా తల్లీ? చూపించు.”

“నొప్పి లేదు నాన్నా. అస్సలు లేదు.”

“ఇలా నా పక్కకి రామ్మా. నిన్ను ఎవరూ ఏమీ అనరు. డైస్ తిప్పడం నీకు ఎవరు నేర్పారు?”

“ఎవరూ నేర్పలేదు ఆంటీ.”

“ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నా.”

“అమ్మని తిట్టరుగా?”

“తిట్టం.”

“అమ్మే. నాన్న షాపు నుంచి వచ్చేలోపు ఇద్దరం ప్రాక్టీసు చేసేవాళ్ళం. అమ్మ నాన్నలాగా గెలిచేది, నేను ఓడిపోయేదాన్ని. ముందు అయ్యో అనాలి, ఆ తర్వాత నవ్వాలి. ఉత్తినే నవ్వితే నాన్నకి తెలిసిపోతుంది.”

“రోజూనా?”

“రోజూ. అమ్మకంటే నాకే బాగా వచ్చు. అమ్మకి నవ్వు సరిగ్గా రాదు.”

“మరి ఆ రోజు? ఆ రోజేమైంది తల్లీ?”

“ఆ రోజు ఆరు పడింది నాన్నా. నిచ్చెనెక్కి వందలోకి వెళ్ళిపోయాను. సంతోషంలో తిప్పడం మర్చిపోయాను. అందుకే కదా అమ్మకి దెబ్బ తగిలింది. ఇంకెప్పుడూ మర్చిపోను. అమ్మమ్మ వాళ్ళింట్లో ఒక్కదాన్నే కూర్చుని రోజూ ప్రాక్టీసు చేస్తున్నాను. బాగా వచ్చేదాకా లోపలికి రాకూడదని పోయిన రెండుసార్లూ రాలేదు.”

“మేడమ్.”

“చెప్పండి.”

“మీరు రాసింది కొట్టేయండి.”

“మాస్టారూ...”

“పిల్ల నవ్విందని రాయకండి. భయపడుతూ ఆడిందని రాయండి. ఏడాదిలో మర్చిపోయి ఉంటుందనుకున్నాను మేడమ్, నేర్చుకుంటోంది. నేను ఎదురుగా కూర్చున్నన్నాళ్ళూ నేర్చుకుంటూనే ఉంటుంది.”

“అలా రాస్తే ఇవాళే ఆఖరు. తెలుసుగా? మళ్ళీ ఆలోచించుకోండి.”

“తెలుసు. పదేళ్ళు. రాయండి, నా మనసు మారకముందే రాయండి. గౌన్లు వాళ్ళమ్మకివ్వండి. మధ్యది ఇప్పటికి, పెద్దది వచ్చే ఏడాదికి. ఆ తర్వాతి కొలతలు నాకు తెలీవు.”

“ఆఖరంటే ఏంటి ఆంటీ? ఇంక నాన్న దగ్గరికి రాకూడదా? ఎందుకు నాన్నా, నేను ఓడిపోయానుగా?”