కింది అంకె అడిగే మనిషి

హైమా, జయంతీ, పెద్దలారా, స్నేహితులారా, శనివారం క్లాసు పిల్లలూ!

ఇంత చలిలో ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. ఈ గదిని గోపీనాథ్ గారు ఉగాది కోసం బుక్ చేశారు. ఏప్రిల్‌లో ఆయన పిలిస్తే రావలసిన గదికి, ఆయన లేకుండా, నెల ముందే వచ్చి కూర్చున్నాం. తాళంచెవి ఇంకా ఆయన కోటు జేబులోనే ఉందట. అపార్ట్‌మెంట్ మేనేజర్ వచ్చి తలుపు తీశాడు.

ఆయన గురించి నేను 'ఉండేవారు', 'అనేవారు' అని మాట్లాడాలి. నాకు నోరు తిరగడం లేదు. గురువారం పొద్దున ఏడింటికి నా కారెక్కిన మనిషి. టిఫిన్ డబ్బా వెనక సీట్లో పెట్టి, బెల్టు పెట్టుకుని, రేడియో సౌండ్ పెంచిన మనిషి. తొమ్మిదిన్నరకి లేరు. ఇవాళ ఆదివారం. నాలుగు రోజులైంది. నాకింకా అర్థం కాలేదు. మీకెవరికైనా అర్థమైందా?

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. నా పేరు శశికళ. గోపీనాథ్ గారూ నేనూ ఒకే హైస్కూల్లో లెక్కల టీచర్లం. పక్కపక్క గదులు. ఈ ప్లెయిన్స్‌బరో నుంచి స్కూల్‌కి ఏడేళ్ళుగా ఒకే కారులో వెళ్ళొస్తున్నాం. ఒక వారం ఆయన కారు, ఒక వారం నాది. పోయిన వారం నాది. ఈ మాట గుర్తుంచుకోండి. తిరిగి తిరిగి నేను ఇక్కడికే వస్తాను.

ఆయన్ని నేను మొదట చూసింది భయంలో. డెబ్భై తొమ్మిది మార్చి. పెన్సిల్వేనియాలో అణు కేంద్రం చెడిపోయిందని టీవీ హోరెత్తించిన వారం. శుక్రవారం సాయంత్రానికి మన అపార్ట్‌మెంట్లలో సగంమంది సామాను సర్దుకున్నారు. నవ్వకండి, మీలో ఉన్నారు వాళ్ళు. నేనూ సర్దాను. రైస్ కుక్కర్, పిల్లల స్వెటర్లు, పాస్‌పోర్టులు, ఆవకాయ సీసా. బోస్టన్‌లో మా చెల్లెలింటికి పోదామని మావారు కారు స్టార్ట్ చేసి కూర్చున్నారు. అప్పుడు పార్కింగ్ లాట్‌లోకి ఒక సన్నటి మనిషి వచ్చారు. ఒక చేతిలో గ్యాస్ స్టేషన్‌లో అమ్మే రోడ్ మ్యాప్, ఇంకో చేతిలో వాళ్ళావిడ హైమ కుట్టుదారం ఉండ. మా కారు బానెట్ మీదే మ్యాప్ పరిచి, దారం ఒక కొస ఆ అణు కేంద్రం మీద పెట్టి, రెండో కొస మన ఊరి మీదికి లాగారు. నూట పది మైళ్ళకి పైనే వచ్చింది. పది మైళ్ళ లోపల ఎంతమంది ఉంటున్నారు, వాళ్ళకి ఏం చెప్పారు, గాలి ఎటు వీస్తోంది, ఇవన్నీ పేపర్లలోంచి కత్తిరించి తెచ్చారు. ఆ రోజే ఆయన నోట ఆ మాట మొదటిసారి విన్నాను.

"పై అంకె అందరూ చెబుతున్నారండీ. కింది అంకె ఏదీ?"

మావారు ఇంజన్ ఆపేశారు. ఆవకాయ సీసా మళ్ళీ వంటింట్లోకి వచ్చింది. మర్నాడు హైమ చేసిన ఇడ్లీలు అందరం వాళ్ళింట్లోనే తిన్నాం.

భిన్నంలో గీత కింద ఉండే అంకె, మొత్తం ఎంతమందిలో అని చెప్పే అంకె. ఆ తర్వాత ఏడేళ్ళూ ఆ మాట వింటూనే ఉన్నాను. కారులో వార్తల రేడియో పెట్టనిదే ఆయనకి తెల్లవారదు. టెహరాన్‌లో బందీలు, విమానం కూలడం, ఫ్యాక్టరీలు మూతబడటం, పాల డబ్బాల మీద తప్పిపోయిన పిల్లల ఫోటోలు. పొద్దున్నే ఈ ఏడుపేమిటండీ, పాటలు పెట్టండి అంటే వినేవారు కాదు. ఇదుగో, నోరు తిరగదన్నాను గాని 'వినేవారు' అనేశాను. ఇన్ని వేలు, అన్ని వందలు అని రేడియోవాడు చెప్పగానే ఆయన కిటికీ వైపు తిరిగి, వాడికి వినబడుతుందన్నట్టు అడిగేవారు, "ఎంతమందిలో?" అని. వాడు చెప్పేవాడు కాదు. ఏడేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదు.

ఆయన పాఠం కూడా అదే. రోజూ పేపర్లోంచి ఒక ముక్క కత్తిరించి క్లాసుకి తెచ్చేవారు. చెడ్డ వార్తే తెచ్చేవారు, మంచి వార్తకి ఎవడూ లెక్క అడగడు కాబట్టి. ముక్క చదివి, ప్రశ్న వేసి, "పెన్సిళ్ళు కింద పెట్టండి" అనేవారు. ఒక నిమిషం పాటు ఎవరూ ఏమీ రాయకూడదు. గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరిగే దాకా చేతులు ఖాళీగా ఉండాలి. మా స్కూల్లో మిగతా టీచర్లకి ఇది వింత. నాకూ వింతే. ఏడాదికి ఎన్ని నిమిషాలు వృథా అవుతున్నాయో నేను లెక్కగట్టి మరీ ఆయనకి చూపించాను. ఆయన ఏమన్నారంటే, "ఆ నిమిషం జవాబు కోసం కాదు శశికళ గారూ, ప్రశ్న సరిగ్గా విన్నామో లేదో చూసుకోడానికి."

శనివారాలు మన పిల్లలకి ఇదే గదిలో చెప్పారు. మనలో కొందరు తల్లిదండ్రులు సణిగారు కూడా. పై క్లాసు లెక్కలు చేయించమంటే పేపర్ చదివిస్తున్నాడేమిటీ మేష్టారు అని. పేర్లు చెప్పను, ఈ గదిలోనే ఉన్నారు. వాళ్ళకి ఆయన చెప్పిన జవాబు నాకిష్టం. "మన పిల్లలకి భాగించడం బ్రహ్మాండంగా వచ్చండీ. దేన్ని దేనితో భాగించాలో రాదు." పద్ధెనిమిదేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను, మా చదువు జబ్బేమిటో ఇంత సూటిగా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు.

ఇంకొకటి చెప్పాలి. ఈయన అన్నిటికీ లెక్క వేసేసి గుండె రాయి చేసుకున్న మనిషి అనుకునేవాళ్ళున్నారు. వాళ్ళ కోసం చెబుతున్నాను. జనవరి ఆఖర్లో, ఆ మంగళవారం, స్పేస్ షటిల్ పేలిపోయింది. అందులో ఒక టీచర్ ఉందని మా స్కూల్లో పిల్లలంతా టీవీల ముందే ఉన్నారు. కళ్ళారా చూశారు. మర్నాడు ఆయన క్లాసుకి పేపర్ ముక్క లేకుండా వెళ్ళారు. మన ఉదయ్, అదుగో ఆ చివర నిలబడ్డాడు, వాడు ఆ క్లాసులోనే ఉన్నాడు. ఒక పిల్ల చెయ్యెత్తి, ఇది ఇరవై ఐదో ప్రయాణం కదా సార్, ఇరవై ఐదులో ఒకటి అని రాయనా అని అడిగిందట. మేష్టారు నేర్పిన ప్రశ్నే మేష్టార్ని అడిగింది పాపం. ఆయన సుద్దముక్క పెట్టేశారు. "ఇవాళ భాగహారం లేదు" అన్నారట. బోర్డు మీద ఏడుగురి పేర్లూ రాసి, గంట కొట్టే దాకా వాళ్ళతోపాటు కూర్చున్నారు.

ఇప్పుడు గురువారం.

హైమా, ఇది నీకు విడిగా చెప్పాలి. మూడు రోజులు వరసగా మీ ఇంటికి వచ్చాను. కాఫీ కలిపాను, ఫోన్లు ఎత్తాను, చెప్పలేకపోయాను. ఇవాళ అందరి ముందూ చెబుతున్నందుకు నువ్వు నన్ను తిట్టవచ్చు. కానీ నాలుగు రోజులుగా మీ హాల్లో కూర్చున్న మగవాళ్ళందరూ ఒకే మాట అంటున్నారు. "నలభై మూడేళ్ళు, సిగరెట్ లేదు, మాంసం లేదు, ఎలా జరిగింది?" ఆ మాట వినలేకపోతున్నాను. ఎందుకంటే గురువారం పొద్దున నా కారులో మేం వేసిన లెక్క అదే.

రూట్ వన్ ఎక్కాక ఆయన రేడియో ఆపేశారు. ఏడేళ్ళలో మొదటిసారి. ఎడమ చెయ్యి బరువుగా ఉందన్నారు. దవడ లాగుతోందన్నారు. నుదుటి మీద చెమట కనిపించింది. ఆసుపత్రికి తిరిగే సిగ్నల్ దగ్గర రెడ్ లైట్ పడింది. ఎడమకి తిప్పనా అని అడిగాను. అడిగాను హైమా, అంతవరకు అడిగాను. ఆయన నవ్వి, "ఎంతమందిలో?" అన్నారు.

అంతకు ముందు ఆదివారం పత్రికలో ఒక పట్టిక వచ్చింది. సిగరెట్ తాగని, నలభైలలో ఉన్న మగవాళ్ళలో ఏడాదికి వెయ్యిమందిలో ముగ్గురికి గుండెపోటు. వెయ్యిలో మూడుని మూడు వందల అరవై ఐదు రోజులతో భాగిస్తే, ఈ ఒక్క రోజున లక్షలో ఎనిమిదిమందికి అన్నారాయన. నేనేం చేశానో తెలుసా? తప్పు దిద్దాను. లక్షలో కాదండీ, పది లక్షల్లో ఎనిమిది, దశాంశం ఒక స్థానం జరగాలి అన్నాను. ఆయన "కరెక్టే, కరెక్టే" అని సంతోషించారు. ఇద్దరం నవ్వుకున్నాం. లైట్ గ్రీన్ అయింది. నేను తిన్నగా పోనిచ్చాను.

లెక్క తప్పు దిద్దాను. కారు తిప్పలేదు.

రెండో పీరియడ్‌లో పక్క గదిలోంచి పిల్లల కేక వినబడింది. నేను పరుగెత్తేసరికి ఆయన బోర్డు కింద ఉన్నారు. మిగతాది మీకు తెలుసు.

ఆసుపత్రిలో మన డాక్టర్ రామమోహన్ గారికి ఇదంతా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ పట్టిక ఎవర్ని చూసి తయారుచేశారో తెలుసా అమ్మా అని అడిగారు. తెల్లవాళ్ళని చూసి, వాళ్ళ ఊళ్ళలో ఏళ్ళ తరబడి లెక్కపెట్టి చేశారట. అందులో మనవాళ్ళు లేరు. గడిచిన రెండేళ్ళలో నలభై ఐదు దాటని మనవాళ్ళని, శాకాహారుల్ని, ఐదుగుర్ని గుండెపోటుతో వస్తే తన చేతుల మీదుగా చూశానని చెప్పారు. అదొకటి. రెండోది ఆయన చెప్పక్కర్లేకపోయింది, అక్కడ కుర్చీలో కూర్చున్నాక నాకే తట్టింది. హాయిగా ఉన్నవాళ్ళలో ఎంతమందికి అని మేం లెక్క వేశాం. ఎడమ చెయ్యి బరువెక్కి, దవడ లాగి, చెమట పట్టినవాళ్ళలో ఎంతమందికి? అది కదా అడగాలి! తొమ్మిదో క్లాసు పిల్ల ఈ తప్పు చేస్తే నేను సున్నా వేస్తాను. ఇద్దరు లెక్కల టీచర్లం, మాకు భాగించడం బ్రహ్మాండంగా వచ్చు. దేనితో భాగించాలో రాలేదు.

శుక్రవారం పేపర్లో ఆయన గురించి రెండంగుళాల వార్త వచ్చింది, లోపలి పేజీలో. టీచర్, వయసు నలభై మూడు, క్లాసులో మృతి. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? చదవగానే నా నోటికి ఆ ప్రశ్న వచ్చేసింది, ఎంతమందిలో అని. ఎంతమందిలో ఏమిటి? జయంతికి నాన్నలు ఎంతమంది? ఇవాళ భాగహారం లేదు అని ఆయన ఎందుకన్నారో అప్పుడు తెలిసింది నాకు.

జయంతీ, ఒక్క మాట. మీ నాన్న నేర్పింది తప్పని ఎవరైనా అంటే నమ్మకు తల్లీ. ఆ ప్రశ్న మంచిది. దాన్ని మేం పూర్తిగా అడగలేదు. ఎంతమందిలో అన్నాం, ఎవరిలో అనలేదు. వచ్చే శనివారం పదింటికి ఈ గదిలో క్లాసు ఉంటుంది. నేను వస్తాను. ఆయన గురువారం కత్తిరించిన పేపర్ ముక్క నా కారు డాష్‌బోర్డ్ మీదే ఉండిపోయింది. నేనింకా చదవలేదు. శనివారం మనందరం కలిసి చదువుదాం. నీకు రావాలనిపిస్తే రా. లేకపోతే ఇంకో శనివారం రా.

అన్నల్లారా, తమ్ముళ్ళారా, మీకు కూడా ఒక మాట. రామమోహన్ గారు అదుగో తలుపు పక్కనే నిలబడ్డారు. నలభై దాటిన ప్రతివాళ్ళూ ఇవాళ వెళ్ళే ముందు ఆయన దగ్గర గుండె పరీక్షకి ఒక తారీఖు తీసుకుని వెళ్ళండి. సిగరెట్ లేదు, మాంసం లేదు అని నాకు చెప్పకండి. చెయ్యి బరువెక్కితే లెక్క వేయకండి. పక్కన కూర్చున్నవాళ్ళు తప్పులు దిద్దకండి. కారు తిప్పండి.

హైమా, నన్ను క్షమించమని అడిగే ధైర్యం నాకింకా రాలేదు. రేపు పొద్దున మీ ఇంటికి వస్తాను. తలుపు తీస్తే లోపలికి వస్తాను. తీయకపోతే ఎల్లుండి వస్తాను.

ఆ రెడ్ లైట్ దగ్గర మాకు ఒక నిమిషం దొరికింది. సరిగ్గా ఒక నిమిషం. పిల్లలకి రోజూ ఆయన ఇచ్చిన నిమిషమే అది. పెన్సిళ్ళు కింద పెట్టి, ప్రశ్న సరిగ్గా విన్నామో లేదో చూసుకోవలసిన నిమిషం. మేమిద్దరం దాన్ని లెక్కకి వాడేశాం. ఆ నిమిషం నేను ఆయనకి బాకీ పడ్డాను.

అందరూ దయచేసి లేచి నిలబడండి. చేతిలో ఉన్నవి కుర్చీల మీద పెట్టేయండి, కాఫీ కప్పులు, తాళాలు, పర్సులు, అన్నీ. చేతులు ఖాళీగా ఉండాలి. ఉదయ్, నువ్వు ఆ గోడ గడియారం చూడు నాన్నా. ముల్లు ఒక చుట్టు తిరిగే దాకా ఎవరం మాట్లాడవద్దు, ఎవరం ఏ లెక్కా వేయవద్దు.

పెన్సిళ్ళు కింద పెట్టండి.