బాబు మియా కోసిన ఆకు

కూసో రోజారాణీ, ఆ బ్యాగు గోడకు వెట్టు. ఏడ్వకు బిడ్డా. కొలువు వొయినకాడి నుంచి నీ మొగడు నోరిప్పుతలేడు, గంతేనా? మా పక్కింట్ల అక్బరీ బేగం ఉండె, నువ్వు పుట్టకముందే పాయె. ఆమె ముచ్చట ఇను.

బీడీలు జేసేది. పెనిమిటి బాబు మియాది ఈడ్నే, సుల్తానాబాద్ రైస్ మిల్లుల పని. మిల్లు బందైంది, ఇగ ఆయన నోరు గూడ బందైంది. పెరట్ల గోడ దిక్కు ముఖం వెట్టి కూసునుడే. ఈమెకేమో ఒకటే దడ, ఇడిసిపెట్టి పోతడేమోనని. "అజీ, ఏమన్న మాట్లాడు, తిట్టనన్న తిట్టు" అని ఎంటవడ్తుండె. ఎంత ఎంటవడ్తే ఆయన అంత ముడుసుకుంటుండె. ఆఖరికి ఆమె అన్న ముకర్రం మంథని నుంచి దిగిండు. "చల్, ఇంటికి పోదాం. గోడతోని కాపురం జేస్తవా?" అన్నడు. సరేనని మూట గట్టింది. ఆడికి వోయినా బీడీలు జెయ్యాలె గదా, నానవెట్టిన తునికాకు తీస్కపోదామని తడి గోనె ఇప్పింది. ఆకంత కోసి, కట్టలు వెట్టి ఉన్నది. "ఇఖ్రా, రోజు కోసేది నువ్వే గదా?" అని బిడ్డనడిగితే, "నేనెక్కడ? అబ్బా కోస్తుండు" అన్నది పిల్ల, నాయిన దిక్కు ఏలు వెట్టి. మన దిక్కు మొగోడు ఆకుకత్తెర ముడుతడా? ఆడోళ్ల పనని నవ్వుతరు. గందుకే పెరట్ల దాసుకొని కోస్తుండె.

ఇగ సూడు, మూట ఇసిరికొట్టింది! చాట, కత్తెర తెచ్చి బజారు దిక్కు అరుగు మీద వెట్టింది. "అజీ, మాట్లాడకుంటె మానె. ఈడ నా పక్కన కూసొని కొయ్యి" అన్నది. పాపం, ఆయన సిగ్గుతోని సచ్చిపోతుండు. "మన ఇజ్జత్ పాయె!" అని ముకర్రం మొత్తుకున్నడు. "ఇజ్జత్ నాది, నా మొగనిది. నీకేం ఫికర్? నీ బస్సు పోతది, నడువ్" అన్నది అన్నను. వాడకట్టంత ఇకిలిచ్చింది. "నవ్వున్రి, పండ్లు రాలేదాక నవ్వున్రి! భూమక్కా, నీ మొగడు ఏం కోస్తడో జర చెప్పు" అన్నది నాతోని. ఆయన తల వంచుకొని వచ్చి ఆమె పక్కన కూసున్నడు. గట్లనే రోజు కూసున్నరు. శానా దినాలకు ఆయన ఓ మాటన్నడు, "తంబాకు తక్కువేస్తున్నవ్" అని. ఆమె సంబురం సూడాలె, బజారంత ఇనవడేటట్టు కొట్లాడింది!

ఆమె కాలం జేసి, నలభై రోజుల ఫాతెహా దువా సదివిచ్చినంక, తెల్లారి సూస్తే బాబు మియా అరుగు మీద ఆకు కోస్తుండు. "ఎవలకు, అబ్బా? చుట్టెటోళ్లేరి?" అని ఇఖ్రా కత్తెర గుంజవోయింది. ఇయ్యలే. "నా ఇష్టం" అన్నడు…

ఆఁ. నీ మొగడు ఇంట్ల ఏం జేస్తుండో సూసినవా, సూడకనే వచ్చినవా? పో, చాయ్ పొంగుతుంది, దించు.