ఆ చెయ్యి

బడి మైదానంలో చదువు ముగించిన పిల్లలకి పట్టాలిచ్చే సభ. ఒకే మొగుడి పెళ్ళాలిద్దరు, పెద్దది నోన్‌కిషు, చిన్నది నోసిం, ఎండలో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు.

"కదలకు నోసిం. ఆ పూసలదండ ఒళ్ళో పెట్టుకో."

"తల్లులు రండని పిలుస్తారుగా అక్కా?"

"పిలిస్తే నేను వెళ్తాను."

"వెళ్ళు. నీ వెనకే నేనూ వస్తా. దండ వేసి, తల మీద చెయ్యి పెట్టి దీవించి వచ్చేస్తా. నీ సొమ్మేం పోయింది?"

"ఊరంతా చూస్తుంది."

"చూడనీ! సిమలోయిని కన్నది నేనని ఊరికి తెలీదా? దానికే తెలీదు."

"పిల్లల్లేని సవతికి ఇచ్చిన బిడ్డని మళ్ళీ నాదనకూడదు. మన ఆచారం నీకు కొత్తా?"

"అన్నానా? ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా అన్నానా? జనం నిన్ను 'సిమలోయి అమ్మా' అని పిలుస్తుంటే, పక్కనే మేకపాలు పితుకుతూ విన్నాను. నోరెత్తానా?"

"ఇప్పుడూ ఎత్తకు. పెద్దలు ఇటే చూస్తున్నారు."

"కట్టెలకీ నీళ్ళకీ తోడుంటుందని ఇస్తే, నువ్వు బడికి పంపావు. నీ వాటా పాలన్నీ సంతలో అమ్మి మరీ. అప్పుడు నవ్వాను నిన్ను చూసి."

"నవ్వావు. గుర్తుంది."

"నా దగ్గరుంచుకున్న పెద్దకూతురు... ఆ రెసియాతో అన్న పిల్ల... దాన్నీ నీకే ఇచ్చుంటే, ఇవాళ దానికీ ఆ నల్లగౌను ఉండేది కదక్కా?"

"దాని ఊసు ఇప్పుడెందుకు?"

"మొన్న చూశాను. నాకన్నా ముసలిదైపోయింది."

"ఏడవకు. ఇక్కడ ఏడవకు."

"అదిగో, మన పిల్ల! ఎంత పొడుగైంది! లే అక్కా, మైకులో పిలుస్తున్నారు. నేనూ—"

"కూర్చోమన్నానా!"

"కుళ్ళు నీకు! గొడ్రాలివి, లాక్కుపోతానని భయం."

"అను. ఇంకా అను."

"దానికి నిజం చెప్పే ధైర్యం లేదు నీకు!"

"చిన్నప్పుడే చెప్పాను."

"ఏం చెప్పావు?"

"కన్నది నువ్వని."

"మరి... మరి ఒక్కసారన్నా నన్ను..."

"రెసియాతోని పెళ్ళికూతుర్ని చేస్తూ, మన ఆచారం ప్రకారం నువ్వు గుండు గీసినప్పుడు, తల తడపడానికి పాలబుర్ర పట్టుకున్నది సిమలోయే కదా."

"అయితే?"

"అక్క ఈ పెళ్ళి వద్దు వద్దని ఏడుస్తుంటే నీ కత్తి ఆగలేదట. ఇవాళ పొద్దున సిమలోయి నాతో ఒట్టేయించుకుంది, నోసిం. 'ఆ చెయ్యి మాత్రం నా తల మీద పడనియ్యకమ్మా' అంది."