వాసన పరీక్ష

రెజిమెంటల్ బజార్‌లో మేడమీది చిన్న వాటా. గడప అవతల ధర్మరాజు. లోపల పసిపాపను ఒళ్లో పెట్టుకుని అతని భార్య ఇంద్రజ. గడప మీద, ఇద్దరికీ అడ్డంగా, అతని నాయనమ్మ సుబ్బులు.

"మళ్ల స్నానం చేసిన ఇంద్రజా. సబ్బు మొత్తం అరగదీసిన. లవంగాలు నమిలిన. ఇగనన్న లోపలికి రానియ్యి."

"నన్నడుగుతవేంది? నాయనమ్మ వాసన చూసి సరే అంటేనే."

"వంగరా ధర్మా. ఇంకా వంగు. నోరు తెరు... ఓలమ్మో! కంపురా, కంపు!"

"సిగరెట్ ఎప్పుడో మానేసిన నాయనమ్మా! బిడ్డ మొఖం చూసిన్నాడే డబ్బా పారేసిన."

"మానీసినోడివి మరి కంపెందుకు కొడతన్నావు?"

"అదే సమజైతలేదు."

"ఎల్లు, ఎల్లు. మేడ మీద నీళ్ల ట్యాంకు కాడే పడుకో."

"ట్యాంకు కాడ దోమలు సుత నా దగ్గరికొస్తున్నయ్. నా బిడ్డ దగ్గరికి నేను రావద్దా? ఒక్కసారన్న ఎత్తుకోలే!"

"గట్టిగ మాట్లాడకు, లేస్తది. ఇను... ఇన్నవా? ఊపిరి తీస్తే పిల్లి కూసినట్టు. కడుపుల ఉన్నప్పుడే పొగ తగిలిందట, అందుకే గింత సన్నగ పుట్టిందట. ఇంక తగిలితే మళ్ల దవాఖాన్ల ఆక్సిజన్ పెట్టాలన్నది డాక్టరమ్మ. నాకు నిద్ర పడ్తలేదయ్యా. ఊపిరి ఆడుతుందా లేదా అని ముక్కు కాడ ఏలు పెట్టి చూస్తున్న."

"కిటికీలకెళ్లి తలకాయ బయట పెట్టే తాగిన గదా!"

"తలకాయ బయట, పొగ లోపల. పర్దాలన్నీ కంపే."

"తప్పే. తప్పు కాదంటున్ననా? మానేసిన అంటున్న."

"ఈడి మాటలు నమ్మకమ్మా. నీ కడుపులో బిడ్డ పడ్డకాడి నుంచీ కాపలా కాసినాను. ఈడు గదిలోకొస్తే సీపురట్టుకుని తరిమినాను. రోజూ తలుపులేసి నీ కాళ్లు రాసిందెవరు? నీ పక్కనుంచి లేచేనా?"

"లేవలే నాయనమ్మా. నువ్వు లేకుంటే ఏమైపోయేదాన్నో."

"ఇంద్రజా, ఒకసారి నాయనమ్మ ముక్కు చూడు."

"ముక్కుకేమైంది?"

"పొగొస్తుంది."

"పొగేటిరా! ఊపిరి!"

"తెల్లగుంది నాయనమ్మా."

"సలికాలం, అలాగే ఉంటాది."

"కూలర్ తిరుగుతుంది. సలికాలమేంది?"

"ఆగయ్యా. నాయనమ్మా... నోట్ల ఏముంది?"

"ఏముంటాది? చుట్ట. నిన్నా ఉంది, మొన్నా ఉంది."

"వాసన చూసేటప్పుడు సుత నోట్లనే ఉందా?"

"దానికీ దీనికీ ఏటి సంబందం? నాది అడ్డపొగ. నిప్పు నోటి లోపలే ఉంటాది. ఇంక పొగ బయటికెలాగొస్తాది? మా సిక్కోలు వైపు ఆడోల్లందరూ ఇలాగే ఏసుకుంటారు. సిగరెట్టంటే నిప్పు బయట. అందుకే అది సెడ్డది."

"ఇంట్ల ఎవరు తాగుతరని డాక్టరమ్మ అడిగితే మనం ముగ్గురం ఈయన్నే చూపిచ్చినం!"

"నన్ను నేనే చూపిచ్చుకున్న. చెయ్యి సుత ఎత్తిన."

"తలుపులేసి కాళ్లు రాసినవ్. చుట్టతోటే రాసినవ్ గద నాయనమ్మా..."

"చేతుల్తో రాసినాను!"

"దేవుడా. నేను సుత పక్కనే కూసున్న. రోజూ చూసిన. అదీ పొగనే అని నాకు ఒక్కనాడన్న తట్టలే."

"ఇంద్రజా, ఏడ్వకు. బిడ్డ లేస్తది."

"నువ్వు లోపలికి రా. పట్టుకో. మెడ కింద చెయ్యి... గట్ల. నాయనమ్మా, నువ్వు ట్యాంకు కాడికి నడు."

"ముసిల్దాన్ని దోమలకేసెత్తారా!"

"చుట్ట పారేసి, స్నానం చేసిరా. ఇప్పటిసంది ఈయనే వాసన చూస్తడు."

"లవంగాలు నేనిస్త నాయనమ్మా. చానా ఉన్నయ్."

"నవ్వకురా. పారేత్తాను... ఇదిగో, పారేసినాను. ఇంద్రజా, ఒక్క మాట సెప్పు. పక్కనోల్లు కాదు, కడుపుతో ఉన్న మనిసే ఏసుకుంటే?"

"ఇంకా ఎక్కువ దెబ్బంట బిడ్డకు. ఎందుకు?"

"ఏటీ లేదు. మీ మాఁవ కంటే ముందు నాకు పుట్టి పోయినోల్లున్నారు కదా... ఆల్లూ ఈ పిల్లలాగే కూసేవోరు. పిట్ట పలికినట్టుందని మురిసిపోయేదాన్ని."