గులాబ్ జల్ వాసన

లాల్‌దర్వాజాలో ఒక పాత ఇంటి మెట్ల కింద, పొద్దున. కిందివాటాలో అద్దెకుంటున్న ఆగమ్మ చేతిలో అట్టపెట్టె, అందులో ఒకే ఒక్క కోడిపిల్ల. ఇంటి ఓనర్ వైకుంఠం చాలా కోపంగా ఉన్నానని తనకు తానే చెప్పుకుంటూ దిగి వచ్చాడు.

“సాయంత్రం లోపల ఈ కోడిపిల్లలు ఇంట్ల కనవడొద్దు ఆగమ్మా. అంతే.”

“మెల్లగ మాట్లాడుండ్రి సేటు. దీనికి దమ్ము ఆడ్తలేదు.”

“కోడిపిల్లకు దమ్మేంది?”

“వినుండ్రి, గురగుర అంటలేదా? కండ్లు ఉబ్బి అంటుకపోయినయి. ముక్కు కారుతుంది. పశువుల దవాఖాన డాక్టరు నీళ్లల్ల కలిపే మందిచ్చిండు. అంటురోగం, వేరేగ పెట్టుమన్నడు. అందుకే దీన్ని ఇక్కడ పెట్టి, మంచిగున్నవాటిని డాబా మీద పెట్టిన.”

“అంటురోగమా! మరి మాకంటితే?”

“అడిగిన. మనుషులకు రాదన్నడు.”

“ఆయనకేం ఎరుక, ఆయన మా ఇంట్ల ఉంటడా? మీ అక్క, అదే నా పెండ్లాం, రాత్రి ఒకటే లొల్లి. కోళ్లను పంపిస్తవా లేదా అని.”

“మీరేమన్నరు?”

“నేనేమంట? పంపిస్త అన్న.”

“ఎక్కడికి పంపాలె? తల్లికోడిని పిల్లి ఎత్తుకపోయినకాడికెళ్లి నా ఒళ్లనే పెరిగినయి. చికెన్ షాపోడు పెద్దగయ్యేదాక సాకుతడా? రోగమున్నదాన్నయితే సీదా చెత్తల ఏస్తడు.”

“మరి నన్నేం చెయ్యమంటవ్?”

“దీని వాసన చూడుండ్రి.”

“ఛీ. నేనెందుకు చూడాలె?”

“గులాబ్ జల్ వాసనొస్తుంది.”

“వస్తే?”

“నేను పెట్టలే.”

“గులాబ్ జల్ గల్లీల ఎవరింట్ల లేదు? పూజ సామాన్ల దుకాణం నాదొక్కటేనా?”

“దుకాణం మాట నేను తియ్యలే సేటు.”

“గులాబి నీళ్లు గద, కండ్లకు సల్లగుంటది. ఎవరో పాపమనిపించి పెట్టినట్టున్నరు.”

“దేనితోని తుడిచిన్రో.”

“రుమాలుతోని. అంటే... ఎవలైనా రుమాలుతోనే తుడుస్తరు గద.”

“మంచిగనే తుడిచిన్రు. ఒక కన్ను తెరిచింది.”

“తెరిచిందా! ఏది, ఎడమదా? నిన్న అదే గట్టిగ అంటుకపోయి—”

“సేటు.”

“ఏంది?”

“నిన్న పగటిపూట దుకాణం ఇడిసిపెట్టి వచ్చింది ఇందుకేనా?”

“బీపీ గోలి మర్చిపోయి వచ్చిన.”

“మొన్న?”

“మొన్న గూడ మర్చిపోయిన. ఆగమ్మా, మీ అక్కకు చెప్పకు. తెలిస్తే నన్ను గూడ తెచ్చి ఈ మెట్ల కిందనే పెడ్తది.”

“చెప్ప. గని నిజం చెప్పుండ్రి. దీన్ని ముట్టుకొని అదే చేతితోని డాబా మీదికి పోయిన్రా?”

“నా మోకాళ్లతోనా? డాబా మొకం చూసి ఏడాదయింది. ఎందుకు?”

“పొద్దున చూస్తే మీద గూడ మూడు తుమ్ముతున్నయి. కండ్లల్ల నురుగు. నేనైతే దీన్ని ముట్టుకున్నంక సబ్బుతోని చేతులు కడుక్కోకుంట మీదికి పోలే. చెప్పులు గూడ ఇక్కడనే ఇడిసిపెడుతున్న. ఎవరో దీన్ని ముట్టుకొని సీదా వాటి దగ్గరికి పోయిన్రు.”

“నేను కాదు. అమ్మోరి మీద ఒట్టు.”

“నమ్మిన.”

“పిల్లి పోయిందేమో.”

“పిల్లి కాటుక పెట్టదు సేటు.”

“కాటుకేంది మధ్యల?”

“మీదున్న అన్నిటికీ చెంపకు దిష్టిచుక్కలున్నయి. దీనికి గూడ ఉంది, ఇగో, చూడుండ్రి. మేం చర్చికి పోయేటోళ్లం. మా ఇంట్ల కాటుక డబ్బీ ఎక్కడిది?”

“మరి ఎవరు పెట్టినట్టు?”

“దీనికి పెట్టిన వేలుతోనే పోయి వాటికి పెట్టిన్రు. డాబా తాళం చెవి ఒకటి నా దగ్గరుంది. ఇంకోటి ఎవరి దగ్గరుంది?”

“ఇంకోటి... మీ అక్క కొంగుకు. లేదు లేదు, ఆమె ఎందుకు పోతది? పంపియ్ పంపియ్ అని రాత్రంత ఏడ్చింది.”

“ఏడ్చిందా?”

“ఏడ్చింది.”

“లొల్లి చేసిందన్నరు?”

“ఏడ్చుకుంటనే లొల్లి చేసింది. చస్తుంటే చూడలేను, ఎక్కడికన్న పంపియ్ అన్నది. కోళ్లంటే గిట్టదేమో అనుకున్న.”

“ఎన్నేండ్లయింది సేటు మీ లగ్గమయ్యి?”

“అదిప్పుడెందుకు?”

“ఊకెనే అడిగిన. ఒగలకు తెల్వకుంట ఒగలు ప్రేమ చూపెట్టి నా పిల్లల్ని చంపుతున్నరు గద మీరిద్దరు! రేపటికెళ్లి ఒక్కోదానికి ఒక్కో దూది. మధ్యమధ్యల సబ్బు. కాటుక బంద్.”

“నేను చెప్తే వింటదా ఆమె? అసలు నాకు తెలిసినట్టు ఎట్ల చెప్పాలె?”

“ష్. అక్క పిలుస్తుంది మీదికెళ్లి.”

“ఏమయ్యో, దుకాణానికి పోతున్నవా? వచ్చేటప్పుడు ఇంకో గులాబ్ జల్ సీసా తీస్కరా. నీ అంగీ జేబులున్నది నిన్ననే అయిపోగొట్టిన, డాబా మీది మూడు పిల్లలకు సరిపోలే!”